ఓపెనింగ్ నేర్చుకోవాలంటే గేమ్ మొత్తం చూడాలి, మొదటి పన్నెండు ఎత్తులు బట్టీ పడితే చాలదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మీ పేపర్లో చెస్ నేర్చుకునే పిల్లల కోసం ఒక పెద్ద ఆర్టికల్ వేశారు, చదివి చాలా సంతోషపడ్డాను, చెస్‌కి అంత చోటు ఇవ్వడమే గొప్ప విషయం. ఎండ్‌గేమ్ గురించి, టైమ్ ఎలా వాడుకోవాలి అన్నదాని గురించి బాగానే రాశారు. కానీ ఓపెనింగ్స్, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల దగ్గరికి వచ్చేసరికి రెండు మూడు మంచి ఓపెనింగ్స్ ఎంచుకుని కంఠతా పట్టాలి అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నా అభ్యంతరం అంతా ఆ ముక్క మీదే. నేను టోర్నమెంట్లు ఆడతాను, తీరిక ఉన్నప్పుడు పిల్లలకి నేర్పిస్తాను కూడా, ఇలా కంఠతా పట్టి వచ్చే పిల్లలు ఎక్కడ ఇరుక్కుంటారో దగ్గర నుంచి చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, ఉత్తరం పెద్దదైతే మన్నించండి.

ఇటాలియన్ ఓపెనింగ్ తీసుకోండి. ఈ4 లాంటివి గడుల పేర్లు, అక్షరం నిలువు లైన్‌ని, అంకె అడ్డ వరుసని చెబుతుంది, పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు. ఈ4, ఈ5, గుర్రం ఎఫ్3, గుర్రం సి6, బిషప్ సి4, బిషప్ సి5, తర్వాత సి3, గుర్రం ఎఫ్6, డి3 అని గడగడా ఆడేస్తారు, చెయ్యి ఆగదు. అవతలివాళ్ళు హెచ్6 అని ఒక చిన్న బంటు ఎత్తు వేస్తారు. పిల్లవాడు నేర్చుకున్న లైన్‌లో, అంటే ఎత్తుల వరుసలో, ఆ ఎత్తు లేదు, అంతే, అక్కడి నుంచి పదిహేను నిమిషాలు బోర్డు వైపు చూస్తూ కూర్చుంటాడు. హెచ్6 ఏమీ వింత ఎత్తు కాదు, పెద్ద పెద్ద గ్రాండ్‌మాస్టర్లు కూడా ఆడతారు, జి5 గడిలోకి బిషప్ గానీ గుర్రం గానీ రాకుండా ఆపుతుంది, దానికి ఖరీదుగా ఒక ఎత్తు ఖర్చవుతుంది. ఈ రెండు మాటలు తెలిస్తే పిల్లవాడు హాయిగా క్యాజిలింగ్ చేసుకుని, అంటే ఒకే ఎత్తులో కింగ్‌ని పక్కకి జరిపి రూక్‌ని దాని అవతల పెట్టుకుని, ముందుకి పోతాడు. తెలియకపోతే ఎంత పెద్ద లైన్ నేర్చుకున్నా ఆ క్షణంలో పనికిరాదు. అవతలివాళ్ళు మనం చదివిన పుస్తకమే చదివి రావాలని రూల్ ఏమీ లేదు కదా.

మరి ఎలా నేర్చుకోవాలి అంటే నేను చెప్పేది ఒక్కటే. ఒక టోర్నమెంట్ గేమ్ తీసుకోండి, నిజంగా ఇద్దరు మనుషులు గెలవాలని కూర్చుని ఆడిన గేమ్, దాన్ని మొదటి ఎత్తు నుంచి చివరి ఎత్తు దాకా ఒక వారం పాటు నలగ్గొట్టండి. ఓపెనింగ్‌లో వేసిన ఎత్తుకి బిల్లు ఇరవయ్యో ఎత్తులో వస్తుంది. మొదటి పన్నెండు ఎత్తులు మాత్రమే చూసి ఆపేసేవాళ్ళకి ఆ బిల్లు ఎప్పటికీ కనబడదు, అందుకే వాళ్ళకి ఏ ఎత్తు మంచిదో ఏది కాదో ఎవరో చెబితే తప్ప తెలియదు.

ఊరికే ఇలా చెబితే గాల్లో మాటలా ఉంటుంది కాబట్టి ఒక గేమ్ తీసుకుని చూపిస్తాను. చెస్ ఆడేవాళ్ళలో చాలామంది పేరు విన్న గేమే, 1907 డిసెంబర్‌లో, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న లోడ్జ్ నగరంలో జరిగిన టోర్నమెంట్‌లో రోట్లేవి వైట్‌తో, అకిబా రూబిన్‌స్టీన్ బ్లాక్‌తో ఆడింది. రూబిన్‌స్టీన్ ఇమ్మోర్టల్ అని దీన్ని అంటారు. అందరూ దీన్ని చివర్లో వచ్చే సాక్రిఫైజుల కోసం, అంటే కావాలని పావులు వదిలేసే ఎత్తుల కోసం చూస్తారు, యూట్యూబ్‌లో కూడా ఇరవయ్యో ఎత్తు దాకా గబగబా లాగేసి అక్కడి నుంచి స్లోగా చెబుతారు. నేను తిరగేసి చూడమంటాను. మొదటి పదిహేను ఎత్తులు స్లోగా చూడండి, మిగతా పది అర్థం అవడానికి ఎక్కువ టైమ్ పట్టదు.

బోర్డు పక్కన పెట్టుకుని చదివేవాళ్ళ కోసం ఎత్తులు చెబుతాను. వైట్ డి4, బ్లాక్ డి5. గుర్రం ఎఫ్3, ఈ6. ఈ3, సి5. సి4, గుర్రం సి6. గుర్రం సి3, గుర్రం ఎఫ్6. ఇక్కడికి ఐదు ఎత్తులు, ఇద్దరూ అచ్చం ఒకేలా పెట్టుకున్నారు, బోర్డు మధ్యలో అద్దం పెట్టినట్టు ఉంటుంది. ఇప్పుడు ఇద్దరి మధ్య ఒక మౌన పోటీ నడుస్తోంది, అదేంటంటే మధ్యలో బంటుని ముందు ఎవరు కొడతారు అని. ఎందుకంటే డి4 బంటుతో సి5 బంటుని కొడితే, బ్లాక్ తన ఎఫ్8 బిషప్‌తో తిరిగి కొడుతుంది, అంటే ఆ బిషప్ ఒకే దూకులో మంచి గడికి వచ్చేస్తుంది. అదే బ్లాక్ ముందు సి4 బంటుని కొడితే వైట్ బిషప్‌కి అదే లాభం. బిషప్‌ని ముందే కదిపి ఉంటే మాత్రం ఆ బిషప్ రెండుసార్లు కదలాల్సి వస్తుంది. కాబట్టి ఇద్దరూ తమ బిషప్‌ని కదపకుండా, అవతలివాళ్ళు బిషప్‌ని కదిపేదాకా ఆగాలి అని చూస్తారు.

ఆరో ఎత్తులో రోట్లేవి ఆగలేదు, సి5లో కొట్టేశాడు, బిషప్ వచ్చి తిరిగి కొట్టింది. ఏడో ఎత్తు ఏ3, ఏ6. ఎనిమిది బి4, బిషప్ వెనక్కి డి6కి వెళ్ళింది. తొమ్మిది బిషప్ బి2, బ్లాక్ క్యాజిలింగ్. పదో ఎత్తు క్వీన్ డి2, బ్లాక్ క్వీన్ ఈ7. ఇక్కడ ఒక నిమిషం ఆగండి. క్వీన్ ఈ7 ఆడినప్పుడు డి5 బంటుని రూబిన్‌స్టీన్ వదిలేసినట్టే కనిపిస్తుంది, వైట్ ముందు బంట్లు మార్చుకుని తర్వాత గుర్రాలు మార్చుకుంటూ డి5 బంటుని తినొచ్చు. కానీ తింటే చివరికి వైట్ క్వీన్ డి5లో బోర్డు నడిమధ్యలో నిలబడుతుంది, వైట్ కింగ్ ఇంకా ఈ1 గడిలోనే ఉంది, బ్లాక్ రూక్ డి8కి వచ్చిందంటే డి6 బిషప్ బి4లో బంటుని కొట్టి చెక్ ఇస్తూ దారి తప్పుకుంటుంది, క్వీన్ పోతుంది. అంటే క్వీన్ మళ్ళీ పరుగెత్తాలి, ఇంకో ఎత్తు ఖర్చు. పిల్లలకి ఈ చోట బోర్డు ఇచ్చి బంటు తింటారా తినరా అని అడిగి చూడండి, అరగంట పాఠం అక్కడే అయిపోతుంది.

రోట్లేవి తినలేదు, తెలివైన పనే. పదకొండో ఎత్తు బిషప్ డి3 ఆడాడు. ఇదిగో, ఇందాక చెప్పిన మౌన పోటీలో ఓడిపోయింది ఇక్కడే. రూబిన్‌స్టీన్ వెంటనే సి4 బంటుని కొట్టాడు, బిషప్ తిరిగి కొట్టింది, బి5 అని బంటు తోసి బిషప్‌ని తరిమాడు, అది మళ్ళీ డి3కే వెళ్ళింది. రూక్ డి8. ఇప్పుడు డి లైన్‌లో రూక్ ఎదురుగా వైట్ క్వీన్ ఉంది, అక్కడ ఉండలేక ఈ2కి వెళ్ళింది. బ్లాక్ బిషప్ బి7. వైట్ క్యాజిలింగ్, పదిహేనో ఎత్తు.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని లెక్క వేయండి. బోర్డు మళ్ళీ అద్దంలా ఉంది, రెండు వైపులా అవే గుర్రాలు, అవే బిషప్‌లు, అవే బంట్లు, క్వీన్‌లు ఎదురెదురుగా ఈ2, ఈ7 గడుల్లో. తేడా ఒక్కటే, బ్లాక్ రూక్ డి8లో అదనంగా వచ్చి కూర్చుంది, పైగా ఎత్తు కూడా బ్లాక్‌దే. ముందు ఆడింది వైట్ అయినా ఇప్పుడు బ్లాక్ ముందుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. వైట్ క్వీన్ డి2 అక్కడి నుంచి ఈ2, రెండు ఎత్తులు, బ్లాక్ క్వీన్ ఒక్క ఎత్తులో ఈ7. అది ఒకటి. వైట్ బిషప్ డి3, సి4, మళ్ళీ డి3, మూడు ఎత్తులు, బ్లాక్ బిషప్ సి5, డి6, రెండు ఎత్తులు. అది రెండోది. వైట్ రెండు ఎత్తులు వృథా చేసుకుంది, దీన్నే టెంపో పోవడం అంటారు. ఏ ఇంజిన్, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్, అక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు, కూడికలు వచ్చిన పిల్లవాడు ఎవడైనా ఈ లెక్క చేయగలడు. నా దృష్టిలో ఓపెనింగ్ చదువు అంటే ఇదే, ఏ పావు ఎన్నిసార్లు కదిలింది, ఎందుకు కదిలింది, అవతలివాళ్ళ పావుతో పోలిస్తే ఎక్కువా తక్కువా.

రెండు ఎత్తులు పోతే ఏమవుతుంది, బంటు కూడా పోలేదు కదా అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే, అందుకే గేమ్ చివరిదాకా చూడాలి అంటున్నాను. పదిహేనో ఎత్తులో బ్లాక్ గుర్రం ఈ5కి దూకింది, గుర్రాలు మారాయి, బిషప్ ఈ5కి వచ్చింది. ఇప్పుడు బిషప్ హెచ్2లో బంటుని కొట్టి చెక్ ఇచ్చి, కింగ్ తింటే క్వీన్ డి6 నుంచి మళ్ళీ చెక్ ఇచ్చి డి3లో ఉన్న బిషప్‌ని తినేసే బెదిరింపు ఉంది. ఆ బెదిరింపు పనిచేసేది డి8 రూక్ వెనక ఉంది కాబట్టే, అంటే ఇందాక అదనంగా వచ్చిన ఎత్తు ఊరికే పోలేదు. దాంతో వైట్ ఎఫ్4 తోశాడు, బిషప్ సి7కి వెళ్ళింది. తర్వాత ఈ4, బ్లాక్ రెండో రూక్ సి8. ఆ తర్వాత ఈ5. ఈ మూడు బంటు ఎత్తులు చూడండి. పావులు బయటికి తీయడంలో వెనకబడినవాడు బోర్డు మూసి ఉంచాలి, లైన్లు తెరవకూడదు. వైట్ సరిగ్గా తన కింగ్ వైపుకే రెండు దారులు తెరిచాడు, ఈ3 బంటు కదలడంతో జి1 మీదికి ఒక దారి, ఈ4 బంటు ముందుకెళ్ళడంతో బి7 బిషప్ నుంచి జి2 మీదికి ఇంకో దారి. బిషప్ బి6 నుంచి చెక్, కింగ్ హెచ్1, గుర్రం జి4. ఈ గుర్రాన్ని క్వీన్ తింటే డి3లో బిషప్ పోతుంది. వైట్ బిషప్ ఈ4కి, బ్లాక్ క్వీన్ హెచ్4కి. జి3తో క్వీన్ మీద దాడి చేస్తే రూబిన్‌స్టీన్ క్వీన్‌ని అక్కడే వదిలేసి సి3లో రూక్‌తో గుర్రాన్ని కొట్టాడు, క్వీన్ పోయింది, రెండో రూక్ డి2కి దూకింది, ఇరవై ఐదో ఎత్తులో రూక్ హెచ్3, రోట్లేవి ఓటమి ఒప్పుకున్నాడు. ఆ గేమ్‌లో వైట్ ఏ1 రూక్ ఒక్కసారి కూడా కదలలేదు. బ్లాక్ రూక్‌లు రెండూ గేమ్ గెలిపించాయి. ఇది మాత్రం పిల్లలకి తప్పకుండా చూపించాలి.

ఈ గేమ్ పాతది, ఇప్పుడు ఎవరు ఆడతారు ఆ ఓపెనింగ్ అని కొందరు కోచ్‌లే అంటుంటారు. వాళ్ళ కోసం ఇంకో రెండు గేమ్‌లు చెబుతాను, ఇవి మూడూ ఒక దారంలో ఉన్నాయి.

1924లో ఇటలీలోని మెరాన్ పట్టణంలో ఒక టోర్నమెంట్ జరిగింది, అక్కడ ఇదే రూబిన్‌స్టీన్ బ్లాక్‌తో గ్రూన్‌ఫెల్డ్ అనే ఆటగాడి మీద సెమీ స్లావ్ అనే ఓపెనింగ్‌లో ఒక పద్ధతి ఆడి గెలిచాడు. ఆ ఊరి పేరుతోనే దాన్ని ఈరోజుకీ మెరాన్ వేరియేషన్ అంటున్నాం. దాంట్లో అసలు సంగతి ఏంటి? వైట్ బిషప్ డి3కి వచ్చేదాకా ఆగడం, రాగానే డి5 బంటుతో సి4ని కొట్టడం, బిషప్ తిరిగి కొట్టగానే బి5 తోసి దాన్ని తరమడం. 1907లో రోట్లేవి మీద వాడింది అదే ఆలోచన! మెరాన్‌ని ఇరవై ఎత్తుల దాకా బట్టీ పట్టినవాళ్ళు కూడా ఆరో ఎత్తులో బ్లాక్ అప్పుడే ఎందుకు కొడుతుంది, ఒక ఎత్తు ముందు ఎందుకు కొట్టదు అంటే కొన్నిసార్లు చెప్పలేరు. రోట్లేవి గేమ్ చూసిన పిల్లవాడు అరనిమిషంలో చెబుతాడు.

ఇక మూడోది మన ఆనంద్ గేమ్. 2013 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ టోర్నమెంట్‌లో అరోనియన్ వైట్, విశ్వనాథన్ ఆనంద్ బ్లాక్, అప్పటికి ఆనంద్ వరల్డ్ ఛాంపియన్. ఓపెనింగ్ ఇదే మెరాన్. ఆరో ఎత్తు వైట్ బిషప్ డి3, బ్లాక్ సి4లో కొట్టింది, బిషప్ తిరిగి కొట్టింది, బి5, బిషప్ డి3. పన్నెండో ఎత్తులో అరోనియన్ గుర్రం జి5కి దూకించాడు, ఆనంద్ సి5 తోశాడు, గుర్రం హెచ్7లో బంటు తినేసింది, ఆనంద్ దాన్ని పట్టించుకోకుండా తన గుర్రాన్ని జి4లో పెట్టాడు. తర్వాత బిషప్ సి5కి, ఇంకో గుర్రం ఈ5కి, ఇలా ఒకదాని వెనక ఒకటి పావుల్ని గాల్లో వదిలేస్తూ అన్నిటినీ వైట్ కింగ్ మీదికి తిప్పాడు. ఇరవై మూడో ఎత్తు బిషప్ ఈ3తో అరోనియన్ ఓటమి ఒప్పుకున్నాడు. రెండు బిషప్‌లు రెండు పొడవాటి దారుల్లో కింగ్ వైపు చూస్తూ ఉండడం, గుర్రం జి4లో, క్వీన్ హెచ్ లైన్‌లోకి రావడం, ఇదంతా 1907 గేమ్‌లో చూసిందే.

ఇక్కడ కూడా అదే పెన్సిల్ లెక్క వేయండి. అరోనియన్ ఇరవై మూడు ఎత్తులు ఆడాడు, అందులో ఐదు ఒక్క గుర్రానివే, ఎఫ్3, జి5, హెచ్7, ఎఫ్8, జి6, చివరికి ఆ గుర్రం జి6లో పోయింది. ఇంకో ఐదు ఒక్క బిషప్‌వి, డి3, సి4, డి3, ఈ2, జి4, అదీ జి4లో పోయింది. సగానికి దగ్గరగా ఎత్తులు రెండు పావులకే అయిపోయాయి, సి1 బిషప్, ఏ1 రూక్ పుట్టిన గడి వదల్లేదు. ప్రపంచంలో అగ్రశ్రేణి ఆటగాడి గేమ్‌లో కూడా ఇదే లెక్క పనిచేస్తోందంటే ఇది పిల్లల పాఠం మాత్రమే కాదని తెలుస్తుంది. నిజమే, ఆనంద్ ఆ తయారీ 2012లో గెల్ఫాండ్‌తో వరల్డ్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ కోసం టీమ్‌తో కలిసి చేసి పెట్టుకున్నది, ఇంట్లో చేసిన పనే. కానీ ఆ పని చేయాలంటే ఏ పావు ఎక్కడ ఉండాలో ముందు ఒక బొమ్మ బుర్రలో ఉండాలి, ఆ బొమ్మ పాత గేమ్‌లు చూడడం వల్లే వస్తుందని నా గట్టి నమ్మకం.

ఇంకో విషయం కూడా చెప్పాలి, లేకపోతే గేమ్ చూసేవాళ్ళు ఒక గుంటలో పడతారు. ఎవరు గెలిస్తే వాళ్ళ ఓపెనింగ్ మంచిది, ఓడినవాళ్ళది చెత్త అనుకోవడం. 1918లో న్యూయార్క్ టోర్నమెంట్‌లో కాపాబ్లాంకా వైట్‌తో రూయ్ లోపెజ్ అనే ఓపెనింగ్ ఆడుతుంటే ఫ్రాంక్ మార్షల్ ఎనిమిదో ఎత్తులో డి5 అని బంటు ఇచ్చేసి భీకరంగా దాడి చేశాడు. కాపాబ్లాంకా దాడి మొత్తం కాచుకుని గెలిచాడు. ఫలితం ఒక్కటే చూసినవాళ్ళు ఆ డి5ని చెత్తబుట్టలో వేసేవాళ్ళు. కానీ అదే మార్షల్ అటాక్, ఈరోజు కూడా టాప్ గ్రాండ్‌మాస్టర్లు ఆడుతున్నారు, దానికి భయపడి ఎనిమిదో ఎత్తులో సి3 బదులు వేరే ఎత్తులు ఆడేవాళ్ళు కూడా చాలామంది. ఓడిన గేమ్‌లో పుట్టిన ఓపెనింగ్ అది. కాబట్టి గేమ్ చూసేటప్పుడు ఓపెనింగ్ అయ్యేసరికి ఎవరి పావులు ఎలా ఉన్నాయి అన్నది ఒక ప్రశ్న, గేమ్ ఎవరు గెలిచారు అన్నది ఇంకో ప్రశ్న, రెండిటికీ జవాబులు విడివిడిగా రాసుకోవాలి.

చూసే పద్ధతి గురించి కూడా నాలుగు మాటలు. ఫోన్‌లో బాణం గుర్తు నొక్కుకుంటూ పోతే గేమ్ రెండు నిమిషాల్లో అయిపోతుంది, బుర్రలో ఏమీ మిగలదు. నిజమైన బోర్డు మీద చేత్తో ఆడాలి. గెలిచినవాళ్ళ వైపు కూర్చుని, తర్వాతి ఎత్తుని కాగితంతో కప్పేసి, నేనైతే ఏం ఆడతాను, ఎందుకు అని రాసుకుని అప్పుడు తీసి చూడాలి. కలవకపోతే బాధపడక్కర్లేదు, కలవని చోటే నేర్చుకునేది ఉంటుంది. ఒకసారి అయ్యాక బోర్డు తిప్పి ఓడినవాళ్ళ వైపు నుంచి మళ్ళీ చూడాలి, ఇది చాలామంది చేయరు, నాకు మాత్రం దీని వల్లే ఎక్కువ లాభం కనిపించింది. రోట్లేవి ఏ ఎత్తు దాకా బాగానే ఉన్నాడు, ఏ ఎత్తు నుంచి కష్టం మొదలైంది, పదో ఎత్తులో క్వీన్ డి2 బదులు ఏం ఆడొచ్చు, ఎఫ్4 తర్వాత ఈ4, ఈ5 అని తెరవకుండా ఇంకా నిలబడొచ్చా. ఈ ప్రశ్నలకి సొంత జవాబు రాసుకున్నాకే ఇంజిన్ ఆన్ చేయాలి.

ఇంజిన్ వద్దనడం లేదు. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ ఫ్రీగా దొరుకుతోంది, లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో మాస్టర్ల గేమ్‌ల డేటాబేస్ కూడా ఫ్రీ, మన ముందు తరం వాళ్ళు కలలో కూడా ఊహించలేని సౌకర్యం ఇది. కానీ మొదటి ఎత్తు నుంచే ఇంజిన్ పెట్టుకుంటే అది ఎవరు ఎంత ముందున్నారో పాయింట్ మూడు ప్లస్, పాయింట్ రెండు మైనస్ అని అంకెలు చూపిస్తుంది, ఎందుకో చెప్పదు. ఆ ఎందుకు అన్నది మనమే వెతుక్కోవాలి, వెతుక్కున్నాక అది సరైందో కాదో సరిచూసుకోవడానికి ఇంజిన్‌ని మించింది లేదు. డేటాబేస్ వల్ల ఇంకో ఉపయోగం, మనం చూసిన గేమ్‌లో ఏ పొజిషన్ మనకి నచ్చిందో అదే పొజిషన్ నుంచి వేరేవాళ్ళు ఎలా ఆడారో ఇంకో మూడు నాలుగు గేమ్‌లు వెంటనే చూడొచ్చు. అప్పుడు ఒక గేమ్ కాస్తా ఒక ఓపెనింగ్ అవుతుంది, ఎక్కడ రూక్ పెడతారో, ఏ బంటు తోస్తారో, ఎప్పుడు మార్చుకుంటారో తెలిసిపోతుంది. ఆ తర్వాత మన సొంత గేమ్ స్కోర్‌షీట్ పక్కన పెట్టుకుని అదే లెక్క, నా ఏ పావు ఎన్నిసార్లు కదిలింది అని.

ఏ గేమ్ ఎంచుకోవాలి అన్నదానికి కూడా పెద్ద ఆలోచన అక్కర్లేదు. మీరు ఆడే ఓపెనింగ్‌లోనిదై ఉండాలి, మరీ పొడవుగా ఉండకూడదు, తప్పు మన కంటికి కనిపించేలా ఉండాలి. ఇద్దరు ఇప్పటి సూపర్ గ్రాండ్‌మాస్టర్లు ఇరవై రెండు ఎత్తులు ఇంట్లో చదివొచ్చినవి ఆడేసి డ్రా చేసుకున్న గేమ్ మొదలుపెట్టేవాళ్ళకి పనికిరాదు, దాంట్లో తప్పులు కనిపించవు, ఎందుకు కనిపించడం లేదో కూడా తెలియదు. అందుకే పాత మాస్టర్ల దగ్గర మొదలుపెట్టి ఇప్పటి వాళ్ళ దగ్గరికి రమ్మంటాను. 1956లో న్యూయార్క్‌లో పదమూడేళ్ళ ఫిషర్ డోనాల్డ్ బర్న్ మీద ఆడిన గేమ్ కూడా దీనికి బాగా పనికొస్తుంది, అక్కడ వైట్ క్వీన్ బి3, సి4, సి5 అని తిరుగుతూ ఉంటుంది, బిషప్ ఎఫ్4 నుంచి మళ్ళీ జి5కి వెళ్తుంది, కింగ్ మాత్రం మధ్యలోనే ఉండిపోతుంది, సరిగ్గా అప్పుడే పదకొండో ఎత్తులో ఫిషర్ గుర్రం ఏ4కి దూకుతుంది. ఎందుకు ఆ గుర్రాన్ని తినకూడదో వెతకమనండి, ఒక సాయంత్రం పడుతుంది.

ఇక మీకు నా విన్నపం. మీరు చెస్ ఫలితాలు వేస్తున్నారు, ఆదివారం నాడు రెండు ఎత్తుల్లో మేట్ పజిల్ వేస్తున్నారు, అవి మానొద్దు. వాటితో పాటు వారానికి ఒక్క పూర్తి గేమ్ వేయండి. పాతిక ముప్పై ఎత్తుల గేమ్‌కి పెద్ద చోటు అక్కర్లేదు, ఓపెనింగ్ అయిపోయిన పొజిషన్ ఒక డయాగ్రామ్, ఆట మలుపు తిరిగిన పొజిషన్ ఇంకో డయాగ్రామ్ చాలు. వ్యాఖ్యానంలో అద్భుతం, అమోఘం అనే మాటలు తగ్గించి ఈ ఎత్తు ఎందుకు, ఇంకోటి ఎందుకు కాదు అన్నది రాయించండి, తెలుగులో అలా రాసినవి చాలా తక్కువ దొరుకుతున్నాయి, ఇంగ్లిష్ పుస్తకాలు చదవలేని పిల్లలు ఎంతోమంది చెస్ ఆడుతున్నారు, వాళ్ళకి అదొక్కటే ఆధారం అవుతుంది. ఒక ఎత్తు దగ్గర ఆపేసి మీరైతే ఏం ఆడతారు అని అడిగి జవాబు తర్వాతి వారం వేస్తే ఇంకా మంచిది. నన్ను అడిగితే మొదటి వారం రోట్లేవి గేమ్, రెండో వారం మెరాన్ గేమ్, మూడో వారం ఆనంద్ గేమ్ వేయమంటాను, వరుస మారకుండా.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ప్రింట్‌లో ఒక్క గడి పేరు తప్పు పడినా, బి4 బదులు డి4 అని పడినా, అక్కడి నుంచి బోర్డు మీద ఏ ఎత్తూ కుదరదు, చదివేవాళ్ళు తామే తప్పు చేశామనుకుని వదిలేస్తారు. పేజీ ప్రెస్‌కి వెళ్ళే ముందు ఎవరో ఒకరు ఆ ఎత్తులన్నీ బోర్డు మీద ఆడి చూడాలి. మీ దగ్గర చెస్ తెలిసినవాళ్ళు లేకపోతే ఆ పని నాకు పంపండి, డబ్బులేమీ అక్కర్లేదు, ప్రతి వారం చూసి పెడతాను.

ఇట్లు,
మీ పేపర్లో చెస్ వార్తలు వదలకుండా చదివే ఒక పాఠకుడు